సమీవుల్లా కుడికి తిప్పిన విమానం

నంద్యాల చుట్టుపక్కల బోరు ఉన్న ఏ రైతునైనా అడగండి, మోటారు కాలితే యాడికి పోతావని. రెండో మాట లేకుండా "సమీవుల్లా అంగడికి" అంటాడు. కాలిన మోటారు విప్పి, లోపలి రాగితీగంతా తీసేసి, మళ్ళా కొత్తగా చుట్టి ఇచ్చే పనిలో ఆయన చెయ్యి అట్లాంటిది. ఆ చేతికి ఉన్న మర్యాద ఆయన మాటకు లేకపాయె, అదీ ఖర్మ. అంగడిలో తమ్ముళ్ళు ఆయన మాట ఇనరు. ఇంట్లో పిల్లలు ఇనరు. భార్య నూరున్నీసా అయితే ఆయన నోరు తెరవక ముందే "వద్దు" అంటాది. ఏం చెప్పబోతాండాడో ఆమెకు ముందే తెలుసు మరి.

అట్లాంటి మనిషి, పొట్ట ముందుకు వచ్చి జుట్టు వెనక్కి పోయిన వయసులో, పోయి పోయి విమానం తోలేది నేర్చుకున్నాడు. కర్నూలు రోడ్డులో విమానాలు దిగే మైదానం పక్కనే ఒక ఫ్లయింగ్ క్లబ్బు పెట్టినారని ఎవరో చెప్పినారు. ఊరికే చూసొస్తానని పోయినాడు. చూసి రాలేదు. పరీక్షలు రాసినాడు, కండ్లు చూపించుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. సంపాదనకు తోలే లైసెన్సు కాదు, సొంత సరదాకి తోలుకునేది.

"స్కూటర్ మీద రైలుగేటు కాడ తిరిగేటప్పుడు కుడి లైటు ఏసి ఎడమకు పోయే మనిషివి, నువ్వు విమానం తోల్తావా?" అని నూరున్నీసా నెత్తి కొట్టుకునింది. "పోనీ, తోలుకో. నన్ను మాత్రం ఎక్కమనొద్దు."

సమీవుల్లా నవ్వి ఊరుకున్నాడు. ఆయన మనసులో మాట ఆయనకొక్కడికే తెలుసు. పైకి ఎగిరినాక, ఆయన ఎట్ల చెప్తే అట్ల ఇనే వస్తువు ఈ భూమ్మీద ఆ చిన్న విమానం ఒక్కటే. ముక్కు ఎత్తు అంటే ఎత్తుతాది. దించు అంటే దించుతాది. ఎందుకని అడగదు. ఆదివారం పొద్దున ఆ ఒక్క గంట కోసం ఆయన తక్కిన వారమంతా కాలిన తీగల కంపును భరిస్తాడు. ఆ గంట గూడా పోతే, ఇంక ఆయనకు ఆ కంపే మిగులుతాది.

పోయే లెక్కకే వచ్చింది గూడా. క్లబ్బులో విమానం తాళంచెవులు పరంజ్యోతి మేడం దగ్గర ఉంటాయి. మిలిటరీలో హెలికాప్టర్లు నడిపి రిటైరై వచ్చిన ఆమె. నేర్పేదీ ఆమే, తిట్టేదీ ఆమే, రెండింట్లో ఏది ఎక్కువ చేస్తాదో చెప్పను కాదు. ఈ కథకు ముందు నెల మన సమీవుల్లా రేడియో బొత్తాం నొక్కి, మాట్లాడినాక వదిలేది మరిచిపోయినాడు. నొక్కినట్టే పెట్టుకొని, పైన ఒక్కడే ఉండా కదా అని, నూరున్నీసాకు జవాబులు చెప్పుకోను మొదలుపెట్టినాడు. ఎదురుగా ఉంటే చెప్పలేనివన్నీ. "నీ వంకాయ కూరలో ఉప్పుందా? నేనేమన్నా అన్నానా? అన్నానా?" అని ఒకటే గొడవ. విమానాలకు దారి చెప్పే టవర్లో వాళ్ళు, కింద క్లబ్బులో వాళ్ళు, ఆ పక్కన పోతాండిన పెద్ద విమానం పైలట్లు, అందరూ ఆ కూర కథ చెవులారా ఇనినారు. ఇంకొకరు రేడియోలో మాట్లాడను సందు లేదు.

దిగినాక పరంజ్యోతి నవ్వలేదు. "సమీవుల్లా గారూ, ఇది మీ ఇల్లు కాదు. ఇంకొక్క తప్పు చేస్తే తాళంచెవి నా జేబులోనే ఉంటాది. మళ్ళా అడగొద్దు, నేనూ ఇయ్యను" అనింది. ఆయన చేతులు కట్టుకొని తల ఊపినాడు. ఆ దినం నుంచి బొత్తాం నొక్కేటప్పుడొకసారి, వదిలేటప్పుడొకసారి బిస్మిల్లా అనుకుంటాండాడు.

ఇంక రామానుజం సంగతి. ఆళ్లగడ్డ హైస్కూల్లో సమీవుల్లా, రామానుజం ఒక బెంచీలో కూచున్నారు. ఇప్పుడూ ఒకరినొకరు ఒరే, గిరే అనే పిలుచుకుంటారు. రామానుజం వాళ్ళది అహోబిలంలో తరతరాలుగా దేవుని సేవ చేసే ఇల్లు. నెలకొకసారి స్వాతి నక్షత్రం నాడు కొండ ఎక్కి, చుట్టూ ఉన్న గుళ్ళన్నీ తిరిగొచ్చే అలవాటు ఆయనకు చిన్నప్పటి నుంచి. మోకాళ్ళు అరిగి, డాక్టర్లు మెట్లు ఎక్కొద్దన్నాక ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధి దగ్గర ఇల్లు తీసుకున్నాడు. కింది గుడికి ఆటోలో పోయొస్తాడు. పైకి మాత్రం లేదు.

ఒక దినం సమీవుల్లా మోటారు ఒకటి దించను ఆళ్లగడ్డకు పోయి, పనైనాక రామానుజం ఇంటికి పోయినాడు. రామానుజం మిద్దె మీద కుర్చీ వేసుకొని తూర్పు పక్క చూస్తాండాడు. కింద వీధిలో టకటకమని ఉలి శబ్దం.

"ఏందిరా, చూస్తాండావ్?"

"కొండ."

"అది దినామూ ఆడనే ఉంటాది గదరా."

"అది ఉంటాది. నేనే పోలేకుండా ఉండా" అన్నాడు రామానుజం. అని కండ్లు తుడుచుకోలేదు, ఏం లేదు. "కాఫీ తాగుతావా?" అన్నాడు.

సమీవుల్లా కాఫీ తాగినాడు. లేచేటప్పుడు అనేసినాడు: "నేను తిప్పుతానురా నిన్ను. కొండ చుట్టూ. విమానంలో."

రామానుజం వెంటనే సరే అనలేదు. అంత తేలిక మనిషి అయితే సేవ ఇంట్లో ఎందుకు పుడతాడు? ఇంట్లో పెద్దోళ్ళను అడిగినాడు, ఇంకా పెద్దోళ్ళను ఫోన్లో అడిగినాడు, ఆఖరికి సమీవుల్లాకు ఫోన్ చేసినాడు. "దేవుని నెత్తి మీంచి ఎగరకూడదంట. పక్కగా తిరగాల. కొండ మనకు కుడి పక్కన ఉండాల. కుడికే తిరగాల. ఏమైనా ఎడమకు తిప్పొద్దు. చేతనైతాదా?"

"విమానంలో నేను కూచునేది ఎడమ సీటు. నీకిచ్చేది కుడి సీటు. కొండ నీ కిటికీలోనే ఉంటాదిలేరా, నాకు నీ బోడిగుండే కనపడేది" అన్నాడు సమీవుల్లా.

ఆదివారం పొద్దున్నే రామానుజం తలంటి పోసుకొని, నిలువు నామం దిద్దుకొని, తులసిమాల పట్టుకొని క్లబ్బుకు వచ్చినాడు. విమానం రెక్క కింద చెప్పులు విడిచి, దండం పెట్టి ఎక్కబోయినాడు. "అప్పా, ఇది గుడి కాదు, ఈడ చెప్పులు వదిలితే ఇంకో విమానం ముక్కులో పడతాయి" అని సమీవుల్లా ఆ చెప్పులు తీసి వెనక సీటు కింద పెట్టినాడు. రామానుజం ఒట్టి కాళ్ళతోనే కూచున్నాడు.

పరంజ్యోతి కిటికీ దగ్గరికొచ్చి వంగింది. "ఈ పొద్దు మా గీతాంజలి మొదటిసారి ఒంటరిగా ఎగురుతాది. మైదానం చుట్టే తిరుగుతా ఉంటాది. మీరు తిరిగొచ్చేటప్పుడు కండ్లు బాగా తెరుచుకొని రండి."

గీతాంజలి అంటే సంజామల అమ్మాయి, శనగ పండించే రైతు కూతురు. దూరంగా ఇంకో విమానం రెక్క కింద నిలబడి, నీళ్ళ బాటిల్ మూత తీస్తా, మూస్తా ఉండాది. తాగేది లేదు. సమీవుల్లా ఆ అమ్మాయికి చెయ్యి ఊపినాడు.

ఎగిరినారు. రామానుజం మొదట కండ్లు మూసుకున్నాడు. నంద్యాల మీదికి వచ్చినాక ఒక కన్ను తెరిచినాడు. కాలువ ఎండకు మెరుస్తాండాది. పత్తి చేన్లు, జొన్న చేన్లు గళ్ళ లుంగీ పరిచినట్టుండాయి. దూరాన మహానంది గోపురం అంత చిన్నగా కనబడేసరికి రెండో కన్నూ తెరిచినాడు. ఆళ్లగడ్డ వచ్చింది. రోడ్డు పక్కన షెడ్ల ముందర చెక్కి పెట్టిన రాతి దేవుళ్ళు వరసగా నిలబడి ఉండారు.

"ఒరే, అదిగో మా మిద్దె! మణెమ్మ బట్టలు ఆరేస్తాండాది చూడు!" అని రామానుజం చిన్నపిల్లోడి మాదిరి అద్దం మీద కొట్టినాడు. మణెమ్మ వాళ్ళింట్లో పని చేసే ఆమె. ఆమె తల ఎత్తి చూడలేదని ఆయనకు కోపం గూడా వచ్చింది.

కొండ దగ్గరికి వచ్చినాక ఇంక మాట లేదు. సమీవుల్లా విమానాన్ని మెల్లగా కుడికి వంచినాడు. కుడి రెక్క కిందికి దిగింది. కిటికీ నిండా కొండ, అడవి, బండల సందులో నీళ్ళు, మలుపు మలుపుకూ ఒక చిన్న గుడి. ఈ మెట్లన్నీ, ఈ రాళ్ళన్నీ రామానుజం కాళ్ళకు తెలుసు. ఇంత పైనుంచి ఆయన కండ్లకు తెలియదు, అంతే. ఒక చుట్టు తిరిగినారు. రామానుజం గొంతులో మంత్రం మొదలైంది. రెండో చుట్టుకు గొంతు పెద్దదైంది. మూడో చుట్టుకు మంత్రం ఆగిపోయి ఏడుపు వచ్చేసింది. ఏడుస్తానే సమీవుల్లా భుజం పట్టుకొని, "సమీ, నాయనా, ఇంక నేను ఇప్పుడు పోయినా ఫర్వాలేదురా" అన్నాడు.

"ఇప్పుడొద్దులేరా, దిగినాక చూద్దాం" అన్నాడు సమీవుల్లా. అన్నాడే గానీ ఆయన కండ్లల్లో గూడా నీళ్ళు తిరిగినాయి. ఒకరు ఏడిస్తే తోడు ఏడ్చే గుణం ఆయనది. పక్కోళ్ళ పెళ్ళిలో అప్పగింతలప్పుడు గూడా పెండ్లికూతురి తండ్రి కంటే ముందు ఏడుస్తాడు. అట్లాంటోడు విమానం తోల్తాండాడు, అదీ కథ.

ఇప్పుడొక సంగతి చెప్పాల. విమానాలు దిగే చోట వచ్చినోడు వచ్చినట్టు దిగకూడదు. ఒక పద్ధతి ఉంటాది. దిగే దారిని, అంటే రన్‌వేను, ఎడమ చేతి పక్కన పెట్టుకొని దాని వెంబడి దాటిపోవాల. పోయి ఎడమకు తిరగాల. మళ్ళా ఎడమకు తిరిగితే దారి ఎదురుగా వస్తాది, అప్పుడు దిగాల. అందరూ ఒకే పక్క తిరిగితే ఎవరూ ఎవరి మీదా పడరు. క్లబ్బులో మొదటి దినం చెప్పే పాఠం ఇది. సమీవుల్లా దీన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

చెప్పినాడు గూడా. టవర్ వాళ్ళు రేడియోలో ఇంగ్లీషులో "ఎడమ పక్కన రండి" అన్నారు. ఈయన బిస్మిల్లా అని బొత్తాం నొక్కి, "ఎడమ పక్కన వస్తాండా" అని ఇంగ్లీషులో చెప్పి, బిస్మిల్లా అని వదిలినాడు. ఆ ఎడమ నోటి వరకే. చెయ్యి పొద్దున్నుంచి కుడికి తిరిగి తిరిగి ఆ రుచి మరిగింది. పక్కన రామానుజం ముక్కు చీదుకుంటా, "ఆ ఉగ్ర స్వామి గుడి గోపురం చూసినావా? పైనుంచి అంత చిన్నగుంటాదని నాకు తెలీదురా" అంటాండాడు. "చూసినా, చూసినా" అంటా సమీవుల్లా విమానాన్ని కమ్మగా కుడికి వంచినాడు. రన్‌వే వచ్చి రామానుజం కిటికీలో కూచుంది. కొండ కూచున్నట్టే.

ఇద్దరిలో ఒకరికీ అనుమానం రాలేదు. పైగా రామానుజం అలవాటుగా రన్‌వేకు గూడా దండం పెట్టినాడు.

టవర్ వాళ్ళు అడిగినారు, "యాడుండారు మీరు? కనపడ్తాలేరు" అని. "మీ ఎడమ పక్కనే" అన్నాడు సమీవుల్లా. ఎడమ పక్క చూస్తే వాళ్ళకు గీతాంజలి ఒక్కతే కనబడుతాండాది. ఆ అమ్మాయి ఒంటరిగా, వీపు నిటారుగా పెట్టుకొని, నేర్పినట్టే ఎడమకు తిరిగి, ఇంకొక్క మలుపు తిరిగితే దిగుతాననే చోట ఉండాది. ఈయన కుడి నుంచి, ఆ అమ్మాయి ఎడమ నుంచి. ఇద్దరూ ఒకే చోటికి.

రేడియోలో ఇంగ్లీషు ఆగిపోయింది. "ఎదురుగా వస్తాండాడు! మేడం! ఎవరో ఎదురుగా వస్తాండాడు!" అని అచ్చం సంజామల తెలుగులో ఒక గొంతు అరిచింది.

సమీవుల్లా తల ఎత్తినాడు. అద్దంలో ఎదురుగా ఒక విమానం ముక్కు, రెండు పక్కల రెండు రెక్కలు. చిన్నది కాదు. చిన్నగా ఉండాల్సినంత దూరంలో లేదు. "యా అల్లా!" అని విమానాన్ని కుడికి తోసినాడు. ఎదురుపడితే ఇద్దరూ కుడికే తప్పుకోవాలనేది గూడా ఒక పాఠమే. ఆ పొద్దు ఆయన కుడికి తిరిగిన వాటిలో, కొండను పక్కన పెడితే, సరైంది అదొక్కటే. గీతాంజలి గూడా తన కుడికి తప్పుకొని పైకి లేచిపోయింది. రామానుజం నోట్లో దేవుని పేరు సగంలో నిలిచిపోయింది.

టవర్ వాళ్ళు రేడియోలో దారి చెప్పి ఈయన్ని దింపినారు. ఎట్ల దింపినాడో ఆయనకే తెలియదు. ఇంజను ఆపినాక చేతులు ఒళ్ళో పెట్టుకొని కూచున్నాడు. "ఒరే రామానుజా, ఆ పిల్ల…" అన్నాడు.

గీతాంజలి ఇంకొక చుట్టు తిరిగి, సరిగ్గా ఎడమ నుంచే వచ్చి, చక్కగా దింపింది. దించేదాకా నిబ్బరంగా ఉండి, దిగినాక చక్రం పక్కన కూలబడింది. పరంజ్యోతి ముందు ఆ అమ్మాయి దగ్గరికి పోయి, తల నిమిరి, నీళ్ళు తాపించింది. ఆ తర్వాతే ఈ పక్కకు వచ్చింది. ఆమె మెల్లగా నడిచి వస్తాంటే సమీవుల్లాకు అరికాళ్ళల్లో చెమట పట్టింది.

"నోటితో ఏమన్నారు?"

"ఎడమ."

"చేత్తో ఏం చేసినారు?"

"కుడి."

"ఎందుకు?"

సమీవుల్లా నేల చూపులు చూస్తాంటే రామానుజం ఒట్టి కాళ్ళతోనే ముందుకొచ్చినాడు. "అమ్మా, తప్పు నాది. ఎడమకు తిప్పొద్దని నేనే గట్టిగా చెప్పినా. దేవుని చుట్టూ ఎడమకు తిరిగేది మాకు దోషం."

"ఈడ దేవుడు యాడుండాడు స్వామీ? ఈడుండేది సిమెంటు దారి." పరంజ్యోతి సమీవుల్లా పక్క తిరిగింది. "విమానం తోలింది మీరా, ఈయనా?"

"నేనే మేడం. ఈయన చెప్పింది కొండ దగ్గర. ఈడ చెప్పలేదు. ఈడ నా బుద్ధే గడ్డి తినింది."

రామానుజం ఊరుకుంటాడా! "అయినా నీకేం పుట్టిందిరా కుడికి తిరగను? మీ నాయన మీరావలి మక్కా పోయొచ్చినాక మా ఇంట్లో కూచొని చెప్పలేదా, ఆడ అందరూ ఎడమకే తిరుగుతారని? ఇంటి పద్ధతి గూడా మరిచిపోతివే!"

"మీరిద్దరూ గమ్మున ఉండండి" అనింది పరంజ్యోతి. పెదవి చివర నవ్వు వచ్చింది గానీ, వచ్చినంత తొందరగా పోయింది. "సమీవుల్లా గారూ, జరిగింది జరిగినట్టు నేను పై వాళ్ళకు చెప్తా. వాళ్ళేం చేస్తారో వాళ్ళిష్టం. నా వరకు నేను చెప్తాండా. ఇంక తాళంచెవి మరిచిపోండి."

సమీవుల్లాకు ఆదివారాలన్నీ ఒక్కసారి ఖాళీగా కనబడినాయి. సరే మేడం అన్నట్టు తల ఊపినాడు. నిజంగా తప్పు చేసినప్పుడు ఆయన ఎప్పుడూ వాదించడు, ఆ ఒక్క మంచి గుణమన్నా ఉండాది పాపం.

అప్పుడు గీతాంజలి లేచి వచ్చింది. మొహం ఎర్రగా ఉండాది. వచ్చి సమీవుల్లా ఎదురుగా నిలబడి, "ఏం మామా, కండ్లు యాడ పెట్టుకున్నావ్? మా అమ్మకు ఫోన్ చేసి ఒంటరిగా ఎగిరినానని చెప్పాలనుకుంటి. ఇప్పుడు ఏం చెప్పాల? బోరు మోటార్లాయన వచ్చి గుద్దబోయినాడని చెప్పాల్నా?" అని కడిగేసింది.

"తప్పైపోయింది తల్లీ. తప్పైపోయింది" అన్నాడు సమీవుల్లా. ఆయనకు ఈసారి నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆ అమ్మాయి కాసేపు ఆయన్ని చూసింది. అంత పెద్ద మనిషి ముక్కు తుడుచుకుంటాంటే తిట్లు ముందుకు పోలేదు. పరంజ్యోతితో అనింది: "మేడం, మొదట్లో నాకు కుడి ఎడమలు తప్పితే నన్ను ఈడ నేల మీద నడిపించినారు గదా. ఈయన్నీ నడిపించండి. ఇప్పుడే. ఈ ఎండలోనే. నేను చూడాల."

పరంజ్యోతి ఆలోచించింది. "నడవండి అట్లయితే. కుడికి ఒక్క అడుగు పడినా, నేను ముందు చెప్పిన మాటే."

నేల మీద సుద్దతో దారి గీసినారు. చేతులు రెండూ రెక్కల మాదిరి చాపి, దాని చుట్టూ ఎడమకు నడవాల. ప్రతి మలుపులో యాడుండాడో గట్టిగా చెప్పాల. యాభై దాటిన మనిషి, పొట్ట ముందర, చేతులు చాపి, "ఎడమ పక్కన పోతాండా!" అని అరుస్తా నడిచినాడు. మొదటి మూలకు వచ్చినాడు. అందరూ చూస్తాండారు. కుడి కాలు కుడికి పోయింది.

గీతాంజలి ఫక్కున నవ్వింది. "ఇది లెక్కలోకి తీసుకోను. మళ్ళా" అనింది పరంజ్యోతి. మళ్ళా నడిచినాడు. ఈసారి మూల రాకముందే ఏది ఎడమ, ఏది కుడి అని లోపల లెక్క వేసుకుంటా, వేసుకుంటా, మళ్ళా కుడికే పోయినాడు. ఎప్పుడూ తప్పని మనిషి గూడా, తప్పకూడదని అంతగా అనుకుంటే తప్పుతాడు.

సమీవుల్లా చేతులు దించేసినాడు. సుద్దగీత మీదనే కూలబడినాడు. "వద్దులే మేడం. మీరు చెప్పిందే సరి. నాకు మోటార్లు చుట్టుకునేదే రాసిపెట్టింది. ఇంక ఈ పక్కకు రాను" అన్నాడు. అన్నప్పుడు ఆయన గొంతు ఇని గీతాంజలి నవ్వు ఆగిపోయింది.

నీడలో కుర్చీ వేసి కూచోబెట్టిన రామానుజం, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, అబ్బా అంటా లేచినాడు. వెనక సీటు కింద చెప్పులుండాయనే సంగతే ఆయనకు గుర్తు లేదు. కాలే నేల మీద ఒట్టి కాళ్ళతో వచ్చి, "లెయ్" అన్నాడు.

"ఎందుకురా?"

"లెయ్యమన్నా గదా. చెయ్యి పట్టుకో. నేనూ వస్తా."

"ఎడమకురా. నీకు దోషం."

"దోషమే" అన్నాడు రామానుజం. "పుట్టినాక ఒక్కసారి గూడా ఎడమకు తిరగలే. ఇప్పుడు తిరుగుతా. నువ్వు ఎగరకుండా ఈడ కూచుంటే నేను ఇంటికి పోయి అన్నం తినగలనా? లెయ్యిరా, కాళ్ళు కాలతాండాయి."

ఇద్దరూ చేతులు పట్టుకొని నడిచినారు. ఒకరు నిలువు నామం, ఒకరు పొట్ట. సమీవుల్లా బయటి చెయ్యి రెక్క మాదిరి చాపినాడు. అది చూసి రామానుజం గూడా చాపినాడు. ఒక్కొక్క అడుగుకు రామానుజం మోకాలు కటుక్కుమంటాది, ఆయన నోరు "తప్పు కాయి తండ్రీ" అంటాది. మూల వచ్చింది. వచ్చేసరికి రామానుజం కాళ్ళు వాటంతట అవే కుడికి లాగినాయి. యాభై ఏండ్ల అలవాటు, ఒక మాటతో పోతాదా!

సమీవుల్లా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకొని ఎడమకు గుంజినాడు. "అట్ల కాదురా! యాడికి పోతాండావ్? ఎడమకు! దారి నీ ఎడమ చేతి పక్కన ఉండాల. ఆ పక్కకు పోతే ఎదురొచ్చేవాళ్ళ మీద పడతాం, తెలుసా నీకు?"

రెండో మూలకు గూడా రామానుజం కుడికే లాగినాడు. "ఎడమ అంటే ఎడమ! ఎన్నిసార్లు చెప్పాలరా నీకు!" అని సమీవుల్లా మళ్ళా గుంజి తిప్పినాడు. ఇంక ఆయన తన కాళ్ళ సంగతే మరిచిపోయినాడు. ఆ మరిచిపోయిన కాళ్ళు తప్పు లేకుండా ఎడమకు పోతాండాయి. మూడో మూలకు ముందే రామానుజం భుజం ఒత్తి, "ఇప్పుడు ఎడమకు తిరగాల, సిద్ధంగా ఉండు" అని చెప్పినాడు. పరంజ్యోతి మాదిరే చెప్పినాడు, ఆ కసురుడు గూడా అదే.

పరంజ్యోతి చూసి, చూసి, "చాలు" అనింది. "సమీవుల్లా గారూ, చాలు. పై వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం రండి. మొదటి పాఠం నుంచి మళ్ళా నేర్చుకుందురు. పక్క సీట్లో నేనుంటా."

సమీవుల్లా ఉన్న చోటే నిలబడిపోయినాడు. గీతాంజలి చప్పట్లు కొట్టింది. "మామా, ఇంక మా అమ్మకు ఫోన్ చేస్తా. నీ సంగతి మాత్రం చెప్పన్లే" అనింది.

రామానుజం నిలవలేదు. "నడువురా, ఎందుకు నిలిచినావ్?"

"చాలన్నారు గదరా మేడం. నీ కాళ్ళు బొబ్బలెక్కుతాండాయి. రా, నీడకు పోదాం."

"ఎడమదో, కుడిదో, మొదలుపెట్టిన చుట్టు మధ్యలో వదలకూడదు. ఇంకొక్క మూల ఉండాది" అన్నాడు రామానుజం, ఆయన చెయ్యి వదలకుండా.

సమీవుల్లా బయటి చెయ్యి మళ్ళా రెక్క మాదిరి చాపి, గొంతు సవరించుకొని, "ఎడమకు తిరుగుతాండాం" అని గట్టిగా చెప్పి, రామానుజాన్ని మెల్లగా ఎడమకు తిప్పుకొని పోయినాడు.